ఆగిన ముట్టు మళ్ళీ రాదు

నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వైపు నడిచే దారిలో, కళ్ళజోళ్ళ షాపు పైన, మేడ మీద నా క్లినిక్ ఉండేది. మొన్న వేసవిలో దానికి తాళం వేశాను. మోకాళ్ళు మెట్లు ఎక్కేది లేదని మొండికేశాయి, అంతకు మించి కారణం లేదు. వీడ్కోలు సభ పెట్టారు, శాలువా కప్పారు. ఒకాయన మైకు పట్టుకుని నన్ను మాతృమూర్తి అన్నాడు. నాకు పిల్లలు లేరు, కావాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా. ఆడ డాక్టరు గురించి మాట్లాడాల్సి వస్తే మగవాళ్ళకు ఇంకో మాట దొరకదు, పాపం.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి అనుభవాలు చెప్పమంటారు. చదువు సంగతి వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. యంత్రాలు నాకంటే బాగా తిప్పగలరు. నేను చెప్పగలిగింది ఒక్కటే. జబ్బు కనిపెట్టడం ఈ పనిలో సగం కూడా కాదు. జబ్బున్న మనిషి మన గదిలోకి రావాలి, వచ్చి నోరు తెరవాలి. ఆ రెండూ జరిగాక మిగతాది పుస్తకాల్లో ఉంది. అందుకని ఇక్కడ పుస్తకాల్లో లేనిది రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను. కోపాలు మాత్రం మార్చలేదు.

మ్యాచింగ్ బ్లౌజు ముక్క

నా దగ్గరికి నా కోసమని చెప్పి వచ్చిన ఆడవాళ్ళు తక్కువ. అందరూ అబిడ్స్‌కి వేరే పని మీద వచ్చినవాళ్ళే. మ్యాచింగ్ బ్లౌజు ముక్క కోసం, పిల్లల బూట్ల కోసం, పెళ్ళి పత్రికల కోసం. "దారిలో బోర్డు కనబడ్డది మేడం, ఎట్లాగూ వచ్చిన కదా అని" అని మొదలుపెట్టేవారు. ఆ బోర్డు కనబడాలంటే కళ్ళజోళ్ళ షాపు దాటి, జిరాక్సు సెంటరు పక్క సందులోకి తిరిగి, తల పైకెత్తాలి. నాంపల్లిలో ఎగ్జిబిషన్ నడిచే రోజుల్లో నాకు ఊపిరి ఆడేది కాదు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఇంట్లో చెప్పడానికి ఒక కారణం దొరికేది కదా.

అలా వచ్చిన ఒకామె చాలా గంభీరంగా ఉండేది. నేను ఏదో జోకు వేస్తే గోడవైపు చూసింది. చివరికి చెప్పింది, నవ్వితే బట్టలు తడుస్తాయని, అందుకే నవ్వడం మానేశానని. గర్భసంచి కిందికి జారి, మూత్రం ఆగడం లేదు. మూడో కాన్పు నుంచీ అలాగే ఉందట. ఇంట్లోవాళ్ళు ఆమెకు పొగరనుకునేవారు. తోడికోడలు ఆమెతో మాట్లాడడమే మానేసింది. వైద్యం అయ్యాక ఆమె నా గదిలో కూర్చుని ఊరికే, పరీక్ష కోసం, గట్టిగా నవ్వింది. బయట కూర్చున్నవాళ్ళు తలుపు తోసి చూశారు.

మా చర్చి ఆడవాళ్ళు ఇంతకంటే మేలనుకోకండి. మాది మెదక్ వైపు మిషన్ స్కూలు మాస్టారి కుటుంబం, నేను పుట్టినప్పటి నుంచీ ప్రార్థన కూడికలు చూస్తున్నాను. "నా శరీర బలహీనత నిమిత్తం ప్రార్థించండి" అని ఒక సహోదరి లేచి అంటుంది. ఏ బలహీనతో ఎవరూ అడగరు. అందరూ కళ్ళు మూసుకుంటారు. నేను మాత్రం ఒక కన్ను తెరిచి చూసేదాన్ని, ఆమె ఎటు వాలి నిలబడిందో, పొట్ట పట్టుకుందో, నడుం పట్టుకుందో. ప్రార్థన అయ్యాక టీ దగ్గర పట్టుకునేదాన్ని. దేవునికి ఎలాగూ తెలుసు తల్లీ, తెలియాల్సింది నాకు అని.

ఇద్దరు బాసులు

నేను పని నేర్చుకున్నది సర్కారు దవాఖానలో. మా యూనిట్‌కి పెద్దగా ఉన్న మేడంకి నోరు పెద్దది, ఓపిక చిన్నది. ఒకరోజు నేను విసుక్కుంటూ, ఈ ఆడవాళ్ళు ఏం అడిగినా సరిగ్గా చెప్పరు మేడం అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"కోటు విప్పు," అంది. "బయట బెంచీ మీద పోయి కూసో. నేను పిలిచేదాంక లోపలికి రాకు."

వెళ్ళి కూర్చున్నాను. పక్కనున్న పెద్దామె కాసేపు చూసి, "నీకేమైంది బిడ్డా?" అంది. కడుపునొప్పి అన్నాను. అంతే, ఆమె మొదలుపెట్టింది. రక్తం ఎన్ని రోజులు పోతుందో, ఎంత పోతుందో, రాత్రిళ్ళు కింద ఏం పరుచుకుంటుందో, మొగుడు దగ్గరికి వస్తే ఎక్కడ నొప్పో, అన్నీ. "లేత రంగు చీరలన్నీ మా చెల్లెకిచ్చిన బిడ్డా. నల్లయి, ఎర్రయి తప్ప కడుతలేను" అంది. ఆమె వంతు వచ్చింది. లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చాక పెద్ద మేడం నన్ను పిలిచి, ఆమె ఏం చెప్పిందో తెలుసా అని అడిగింది. నడుం నొప్పి అని చెప్పిందట.

ఆ పెద్దామెను మళ్ళీ లోపలికి తీసుకొచ్చింది నేనే. ఆ రోజు నుంచి నేను ఎవర్నీ మీ సమస్య ఏమిటి అని అడగలేదు. లేత రంగు చీర కట్టి ఎన్నాళ్ళయింది అని అడిగాను. ఈ ఒక్క ప్రశ్న ఇచ్చినన్ని జవాబులు నాకు ఏ యంత్రమూ ఇవ్వలేదు. జీన్సు వేసుకొచ్చే అమ్మాయిల్ని తెల్ల జీన్సు గురించి అడగండి, పని జరుగుతుంది.

రెండో బాసు దగ్గర నేర్చుకున్నది వేరే రకం. సొంత క్లినిక్ పెట్టక ముందు ఒక నర్సింగ్ హోంలో చేశాను. దాని యజమాని పెద్ద డాక్టరు, మంచి మనిషి, ఎవర్నీ కసరడు. ఆయన దగ్గర ఆడవాళ్ళ నొప్పికి ఒకటే వైద్యం ఉండేది. పెళ్ళికాని పిల్ల వస్తే పెళ్ళయితే తగ్గుతుందనేవాడు. పెళ్ళయి వస్తే పిల్లలు పుడితే తగ్గుతుందనేవాడు. పిల్లల్ని ఎత్తుకుని వస్తే ముట్టుడిగాక తగ్గుతుందనేవాడు. ముట్టుడిగి వస్తే వయసు కదమ్మా అని చిరునవ్వు నవ్వేవాడు. ఆడదాని నొప్పి ఎప్పుడూ తర్వాతి స్టేషన్‌లో దిగిపోతుందని ఆయన నమ్మకం. పైగా ఐరన్ టానిక్ ఒకటి చేతిలో పెట్టేవాడు. ఆ టానిక్ తాగిన ఆడవాళ్ళకు ఆయనంటే ప్రాణం, అదీ నా బాధ. మంచితనంగా చెప్పిన తప్పు మాటను ఎవరూ అనుమానించరు. చెడ్డ డాక్టర్ల కంటే ఇలాంటి చల్లని డాక్టర్ల వల్లే ఎక్కువ నష్టం జరిగిందని నా అభిప్రాయం. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి, నేను రిటైరైపోయాను.

ప్యాడ్ల దొంగ

ఇప్పుడు అసలు కథ. నేను తాళం వేయడానికి కొన్నాళ్ళ ముందు జరిగింది.

ఒక మధ్యాహ్నం స్వప్న అనే అమ్మాయి వచ్చింది. గన్‌ఫౌండ్రీలో బ్యాంకులో పని, లంచ్ టైములో మెడలో ఐడీ కార్డుతోనే పరుగెత్తుకొచ్చింది. ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల వ్యాపారం చేసే ఇంటి పిల్ల. తనతో పనిచేసే ఫణి అనే అబ్బాయిని ప్రేమించి పెళ్ళి చేసుకుంది. వాళ్ళది గుంటూరు వైపు బ్రాహ్మణ కుటుంబం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు తాతగారు సెక్రటేరియట్ ఉద్యోగంతో హైదరాబాద్ వచ్చి, గన్‌ఫౌండ్రీ వెనక పాత ఇంట్లో స్థిరపడ్డారు. పెళ్ళికి అత్తగారు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. నెలలో మూడు రోజులు స్వప్న వెనకగదిలో ఉండాలి. వంటింట్లోకి, పూజగదిలోకి రాకూడదు, ఎవర్నీ తాకకూడదు. బ్యాంకుకి మాత్రం వెళ్ళవచ్చు. జీతం తెచ్చే చోటికి మైల అంటదు కాబోలు.

స్వప్న కుర్చీలో కూర్చుని, తలుపు వేసి ఉందా అని ఒకసారి చూసుకుని, "మేడం, మా అత్తమ్మ నా ప్యాడ్లు దొంగతనం చేస్తున్నది," అంది.

నవ్వొచ్చింది. దాచుకోలేదు.

"నవ్వకుండ్రి మేడం. ముందుగాల నేనే తప్పు లెక్క పెట్టుకున్న అనుకున్న. తర్వాత మా ఆయన్ని అనుమానం పడ్డ, బండి తుడవనీకి తీస్తున్నడేమో అని. కాదు. మొన్న బాత్రూంల చెత్తబుట్టల కాగితం చుట్టి పెట్టింది చూసిన. ఇంట్ల ఇద్దరమే ఆడోళ్ళం. నాది కాదు."

"మీ అత్తగారి వయసెంత?"

"అరవై దాటినయ్. ఆమెకు ఎప్పుడో బందయింది. నా పెండ్లప్పటికే బంద్."

నా నవ్వు ఆగిపోయింది. ఇది చదివే చిన్న డాక్టర్లకు ఎందుకో తెలుసు. డాక్టర్లు కానివాళ్ళ కోసం చెబుతున్నాను. నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక, ఒక్క చుక్క కనబడినా అది నెలసరి కాదు. ఆగిన ముట్టు మళ్ళీ రాదు. వయసు వెనక్కి తిరగదు. ఎక్కువమందిలో దానికి కారణం చిన్నదే అవుతుంది, లోపలి పొర పలచబడడమో, చిన్న కండ పెరగడమో. కానీ కొందరిలో అది గర్భసంచి క్యాన్సర్. ఏది ఏదో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తొందరగా పట్టుకుంటే చాలావరకు పూర్తిగా నయమవుతుంది. దాచుకుంటే అవదు.

"అడిగావా ఆమెను?"

"నేనెట్ల అడుగుత మేడం? దొంగతనం అంటగట్టిందంటది. మాకు మాటలు అంతంత మాత్రమే. పైగా ఆమెకు ఇప్పుడు పెద్ద పదవుంది."

ఆ పదవి ఏమిటంటే, ముట్టుడిగినప్పటి నుంచి ఆ అత్తగారు, వెంకటరమణమ్మగారు, ఆ ఇంటికి, ఆ వీధికి పూజల అధికారి. వయసులో ఉన్న ఆడవాళ్ళకు నెలలో కొన్ని రోజులు అడ్డం వస్తాయి, ఆమెకు రావు. అందుకని ప్రతి శుక్రవారం లలితా పారాయణం వాళ్ళింట్లోనే. నైవేద్యం ఆమె మడి కట్టుకుని వండాల్సిందే. మిగతా ఆడవాళ్ళు ఆమె చేతి పులిహోర కోసం కాచుకు కూర్చుంటారు. భర్త సంగతి చెప్పడానికి ఏమీ లేదు, ఆయన పేపరు చదువుతారు. జీవితమంతా వంటింటికీ వెనకగదికీ మధ్య తిరిగిన మనిషికి యాభై దాటాక దొరికిన పెద్దరికం అది. రక్తం కనబడిందని ఒక్క మాట బయటికి వస్తే, పెద్దరికం పోతుంది.

ఆమె క్లినిక్‌కు రాదు, ఈ వయసులో ఆడడాక్టరు దగ్గరికేమిటి అంటుందని స్వప్న చెప్పింది. బీపీ చూపించే వంకతో తీసుకురమ్మన్నాను. నా బోర్డు మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో స్త్రీల వైద్యురాలు అని ఉంది, కానీ మనవాళ్ళు చూడకూడదనుకున్నది చూడరు.

ఒక్క మంచం

మర్నాడే వచ్చారు. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. నేరేడు రంగు చీర. నేను స్వప్నను బయటికి పంపేశాను. ఇది నేను ఎవరికోసమూ మార్చని నియమం. తల్లయినా, మొగుడైనా, పాస్టరుగారి భార్య అయినా, ముందు బయట కూర్చోవాలి. నిజం చెప్పాల్సిన మనిషి పక్కన ఇంకొకరు ఉంటే నిజం సగమే బయటికి వస్తుంది.

బీపీ చూశాను. కొంచెం ఎక్కువే ఉంది, ఆమె తప్పు కాదు, నా గదిలో అందరికీ అంతే. తర్వాత అడిగాను.

"అమ్మా, లేత రంగు చీర కట్టి ఎన్నాళ్ళయింది?"

ఆమె చేయి కుచ్చిళ్ళ మీదికి పోయింది.

"కోడలు చెప్పిందా?"

"ఆమె బీపీ చూడమన్నది. మిగతాది నేనడుగుతున్నా."

ఇది పూర్తి అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. మన వృత్తిలో ఇలాంటివి చాలా మాట్లాడతాం.

"ఉగాది వెళ్ళాక మొదలైందండీ. ముందు చుక్కలే. ఇప్పుడు వారంలో రెండు మూడు రోజులు. మళ్ళీ వచ్చేసిందనుకున్నాను, ఈ వయసులో! ఎవరితో చెప్పుకోను?"

"ఇంట్లో కోడలు ఉంది కదా."

"దాన్ని నెలనెలా వెనకగదిలో కూర్చోబెట్టేది నేనేనండీ. నాకూ వస్తోందని చెబితే నేనెక్కడ కూర్చోవాలి? ఆ గదిలో ఉన్నది ఒక్క మంచం."

అప్పుడు నవ్వకుండా ఉండడానికి నేను పెదవి కొరుక్కున్నాను. మరుక్షణం ఆమె ఏడ్చారు. జబ్బు గురించి ఏడుస్తున్నారనుకున్నాను. జబ్బు ఆలోచనే ఆమెకు రాలేదు.

"అమ్మవారికి ఆ చేతుల్తోనే వండి పెట్టానండీ. ప్రతి శుక్రవారం. తెలిసే పెట్టాను. నాకేం శిక్ష పడుతుందో."

అయిదారు నెలలుగా రక్తం పోతున్న మనిషి, చావు భయం లేకుండా, పులిహోర గురించి వణికిపోతోంది. నాకు ఆమె మీద జాలి, ఆ గదిని కనిపెట్టినవాడి మీద కోపం ఒకేసారి వచ్చాయి. కోపం మింగేశాను. చిన్నవాళ్ళకు ఇది ముఖ్యంగా చెబుతున్నాను. వైద్యం చేసే గదిలో రోగి దేవుడితో పోట్లాడకండి. మీరు గెలవరు, రోగి మళ్ళీ రాదు. వీలైతే ఆ దేవుణ్ణే మీ వైపు తిప్పుకోండి.

"అమ్మా, కూర తరుగుతుంటే వేలు తెగి రక్తం వచ్చిందనుకోండి. మైల అంటరా?"

"అనం."

"కట్టు కట్టుకొని వంట చేస్తరా, చేయరా?"

"చేస్తాం."

"ఇదీ గంతే. ముట్టు ఎప్పుడో ఆగిపోయింది. ఇది లోపల ఎక్కడో దెబ్బ. పుండో, ఇంకోటో, నేను చూడాలె. దెబ్బకు మైల ఏంది?"

ఆమె కళ్ళు తుడుచుకుని నా మొహంలోకి చూశారు. "అయితే నేను పెట్టిన నైవేద్యం..."

"అమ్మవారు ఇన్ని శుక్రవారాలు తిన్నది కదా. ఒక్కనాడైనా అరగలేదని చెప్పిందా?"

ఏ శాస్త్రం ప్రకారం చెప్పానో అడక్కండి. మిషన్ స్కూలు మాస్టారి కూతురు ఒక బ్రాహ్మణ గృహిణికి మడి ఆచారం వివరించింది, ఆమె నమ్మింది. పరీక్ష బల్ల ఎక్కారు.

పంచాంగంలో ఖాళీ

స్కానింగులో గర్భసంచి లోపలి పొర మందంగా కనబడింది. ముక్క తీసి పంపాం. క్యాన్సరే. అదృష్టం ఏమిటంటే, గర్భసంచి దాటి బయటికి పోయినట్టు కనబడలేదు. ఆపరేషన్ చేసే పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ తీసుకున్నాను. కొడుకును, కోడలిని, ఆమెను కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఫణి అనే ఆ కొడుకు అంతవరకు తలుపు దగ్గర నిలబడి ఫోన్ చూసుకునే రకం. ఆ రోజు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

వెంకటరమణమ్మగారు అంతా విని, "దసరా అయ్యాక చేయించుకుంటాను," అన్నారు.

తేదీ సరిగ్గా నవరాత్రుల్లో పడింది. తొమ్మిది రోజులూ నైవేద్యం ఆమెదే. నాకు ఈ మాట కొత్త కాదు. దసరా అయ్యాక కార్తీకం వస్తుంది. కార్తీకం అయ్యాక ఎవరిదో పెళ్ళి, ఆ తర్వాత ధనుర్మాసం. ఆడదాని ఆపరేషన్‌కి మన పంచాంగంలో ఖాళీ ఉండదు. మొగుడి హెర్నియా అయితే అమావాస్య నాడైనా తీసుకుపోతాం.

"నేను వండుత అత్తమ్మా," అంది స్వప్న.

"నీకు ఆ రోజుల్లోనే కదే."

"గోళీలు ఏసుకుంట. వెనక్కి జరుగుతది."

ఆ గోళీల గురించి నా దగ్గర ఒక బండెడు కోపం ఉంది. పెళ్ళికీ, వ్రతానికీ, తిరుపతికీ మందుల షాపులో అడిగి కొని మింగేస్తారు. షాపువాడు నల్ల కవరులో చుట్టి ఇస్తాడు, ప్రశ్నలు అడగడు. కొందరికి అవి పడవు, ఎవరికి పడవో డాక్టరు చూసి చెప్పాలి. నేను నోరు తెరవబోతుండగా ఫణి ముందే తెరిచాడు.

"నేను పెడతానమ్మా నైవేద్యం."

"నీకేం వచ్చురా?"

"రవ్వకేసరి వచ్చు."

ఆమె కొడుకును చూశారు, కోడల్ని చూశారు. "తొమ్మిది రోజులూ కేసరేనా?" అన్నారు. ఆ మాటతో ఆమె ఒప్పుకున్నట్టే అని నాకు అర్థమైంది. బేరం నైవేద్యంలోకి దిగింది కదా.

ఆపరేషన్ అయింది. గర్భసంచి, అండాశయాలు తీసేశారు. జబ్బు లోపలి పొరలోనే ఉందని, ఇంకే వైద్యమూ అక్కర్లేదని, తరచూ వచ్చి చూపించుకుంటే చాలని రిపోర్టు వచ్చింది. ఆ నవరాత్రుల్లో గన్‌ఫౌండ్రీ అమ్మవారు రోజూ కేసరే తిన్నారు, ఒకరోజు గట్టిగా, ఒకరోజు జారుగా. ఆ చివరి రోజున ఫణి జీడిపప్పు మాడ్చాడట. ఎవరికీ ఏ శిక్షా పడలేదు.

ఎప్పుడు రావాలి

ఈ కథ విన్నవాళ్ళు, మరి మేమెప్పుడు రావాలి మేడం అని అడుగుతారు. నేను చెప్పే మాట ఇది. మీ ఒంటిని దాచడానికి మీరు కొత్త ఏర్పాట్లు చేసుకోవడం మొదలుపెట్టినప్పుడు రండి. చీరల రంగు మార్చినా, నవ్వడం మానేసినా, బస్సు ప్రయాణాలు మానుకున్నా, మొగుడు నిద్రపోయేదాకా వంటింట్లో గిన్నెలు తోముతూ కూర్చున్నా, అప్పుడు రండి.

ఇంకా తేటగా చెప్పాలంటే, వారం దాటినా రక్తం ఆగకపోతే, పెద్ద గడ్డలు పడుతుంటే, గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే రండి. ఆ చివరిదానికైతే ఆ రోజే రావాలి. రెండు నెలసరుల మధ్య కానీ, మొగుడితో కలిశాక కానీ రక్తం కనబడినా. కడుపుతో లేకుండానే మూడు నెలలు రాకపోయినా. కంపు, దురద, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉన్నా రావాల్సిందే. కడుపుతో ఉండొచ్చని అనుమానం ఉండి ఒకవైపు విపరీతంగా నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా, నాలాంటివాళ్ళ క్లినిక్‌కి కూడా వద్దు, నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి. ఏ ఇబ్బందీ లేకపోయినా గర్భసంచి మూతి పరీక్ష చేయించుకోవాలి. దానికి బ్లౌజు ముక్క వంక పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఇంకొక మాట. రక్తం పోతోంది అనగానే గర్భసంచి తీసేద్దాం అనే డాక్టర్లు మనలోనే ఉన్నారు. వెంకటరమణమ్మగారికి అవసరం కాబట్టి తీశారు. మందుతో తగ్గేదానికి కత్తి పట్టుకునేవాళ్ళతో నాకు జీవితమంతా పడలేదు, ఇకముందూ పడదు.

నెలనెలా నొప్పి అందరికీ కొంచెం ఉంటుంది. ఆ నొప్పి మనిషిని పనిలోంచీ, చదువులోంచీ, నిద్రలోంచీ లేపేస్తుంటే, అది అందరికీ ఉండేది కాదు. ఈ ఒక్కదానికి రోగులు అన్నిటికంటే ఆలస్యంగా వస్తారు. ఎందుకో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. అది నాకు చెప్పింది వెంకటరమణమ్మగారే.

రెండో రోజు

చలి మొదలైన రోజుల్లో ఒక ఉదయం ఆమె మెట్లెక్కి వచ్చారు. ఒక్కో మెట్టు మీద ఆగుతూ, స్వప్నను పట్టుకుని. ఆపరేషన్ అయిన మనిషి కోడలి ఆసరాతో వస్తోందనుకున్నాను. గుమ్మం దాకా వచ్చాక చూస్తే, ఆసరా ఇస్తున్నది అత్తగారు. స్వప్న మొహం తెల్లగా పాలిపోయి ఉంది. పెదవులు ఆరిపోయాయి. అత్తగారి చేయి ఆమె నడుం చుట్టూ ఉంది.

"దీన్ని చూడండి డాక్టరుగారూ," అన్నారు ఆమె, తన చెకప్ సంగతి ఎత్తకుండా.

"ఏం కాదు మేడం, అందరికి ఉండేదే," అంది స్వప్న.

"నువ్వూరుకో. అందరికీ అంటే నాకూ ఉండాలి కదా. నాకు ఇంత ఎప్పుడూ లేదు." ఆమె నా వైపు తిరిగారు. "నేను మంచంలో ఉన్నాను కదండీ ఇన్నాళ్ళూ. నాకు అన్నీ చేసిపెట్టింది ఇదే. దాని రోజులొచ్చాయని వెనకగదికి పంపిస్తే నాకు మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. అందుకని పంపలేదు. ఇంట్లోనే తిరుగుతుంటే అప్పుడు చూశాను. గోడ పట్టుకుని వంగిపోతుంది. వాంతులు చేసుకుంటుంది. చేసుకుని మొహం కడుక్కుని బ్యాంకుకి పోతుంది." ఆమె చేయి కోడలి నడుం మీంచి భుజం మీదికి జరిగింది. "పెళ్ళయినప్పటి నుంచీ నెలనెలా ఆ తలుపు వేసుకుని లోపల ఫోన్ చూసుకుంటూ హాయిగా పడుకుంటుందనుకున్నానండీ. ఎన్నిసార్లు కుళ్ళుకున్నానో కూడా."

నేను స్వప్నను చూశాను. ఆమె తల వంచుకుని ఐడీ కార్డు తాడును వేలికి చుట్టుకుంటోంది. నా దగ్గరికి అత్తగారి కోసం ఎన్నోసార్లు పరుగెత్తుకొచ్చిన పిల్ల. తన గురించి ఒక్క మాట చెప్పలేదు.

"ఎప్పటి నుంచి స్వప్నా?"

"ఇంటర్ల ఉన్నప్పటి నుంచి మేడం."

నియమం ప్రకారం అత్తగారిని బయట కూర్చోమన్నాను. ఆమె లేవబోయారు. స్వప్న ఆమె కొంగు పట్టుకుంది. "అత్తమ్మ ఉండనీ మేడం," అంది. నా నియమాన్ని జీవితంలో ఒక్కసారి నేనే పక్కన పెట్టాను.

"సరే. డేటు ఎప్పుడు?"

"ఇయ్యాల రెండో రోజు."

నా పెన్ను ఆగింది. రెండో రోజు. అత్తగారి చేయి ఇంకా కోడలి భుజం మీదే ఉంది. ఇంటి దగ్గర నుంచి ఆటోలో, వీధిలో అందరూ చూస్తుండగా, నా మెట్ల మీదుగా, అలాగే పట్టుకుని తెచ్చినట్టున్నారు.

నేను ఆ చేయి చూడడం వెంకటరమణమ్మగారు చూశారు.

"అలా చూస్తారేంటి డాక్టరుగారూ?" అన్నారు. "ఇంటికెళ్ళి తలస్నానం చేస్తాను లెండి. ముందు పిల్లకి మందు రాయండి."